చిల్లు పడిందా, పెట్టినావా

మొన్న మంగళవారం ఎక్స్‌రే గదిలోంచి టెక్నీషియన్ నన్ను కేకేశాడు. దగ్గుతో వచ్చిన ఒక ఆడమనిషికి ఛాతీ ఫిల్ము తీశాడట. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి గానీ వాటి కింద, ఎడమపక్కన, పొట్ట ఉండే చోట ఏదో తెల్లగా కనిపిస్తోంది. "సిస్టరమ్మా, ఈయమ్మ పిన్నీసు మింగినట్టుంది సూడు" అన్నాడు. చూశాను. పిన్నీసు కాదు. రెండు చిన్న కాళ్లు దగ్గరికి ముడుచుకుని దేన్నో పట్టుకుని ఉన్న క్లిప్పు. ఫిల్ము మీద పేరు, హొళగుంద వైపున్న ఆమె ఊరు చూసుకుని పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆ క్లిప్పు మూసేటప్పుడు దాని పిడి నా చేతిలోనే ఉంది. దాన్ని ఆమె పొట్టలోకి పంపిన డాక్టరుగారు మాత్రం ఇప్పుడు లేరు.

ఆయన పేరు రాయను. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. ఎక్కడెక్కడో చదివొచ్చినా ఈ ఊరి మాట పోలేదు. నేను ఆయనతో పనిచేసిన ఏళ్లలో ఆయన అలసిపోకుండా ఉన్న రోజు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. పొద్దున ఆస్పత్రికి రావడమే అలసిపోయి వచ్చేవారు. రెండు కేసుల మధ్య బల్ల మీద వాలి, మోచెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని "ఒక నిమిషం సిస్టర్" అనేవారు. ఆ నిమిషంలోనే గురక మొదలయ్యేది. లేపితే అందరిలాగా "నిద్రపోలేదు, ఊరికే కళ్లు మూసుకున్నా" అనేవారు కాదు. "నిద్రపోయినాను" అని లేచి చేతులు కడుక్కునేవారు.

మంగళవారం మంగళవారం మేము ఎమ్మిగనూరుకు పోయేవాళ్లం. నోట్లోంచి పొట్టలోకి పంపే ఆ కెమెరా గొట్టాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెకు బొంత చుట్టి, వెనక సీట్లో పడుకోబెట్టి బెల్టు బిగించేవారు. తాను ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవడం మర్చిపోయేవారు. ఊరు దాటేలోపు నోరు తెరుచుకుని నిద్ర. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్లు, నందవరం నుంచి వచ్చిన రైతులు పరగడుపున కాచుకుని ఉండేవాళ్లు. ఆయన ప్రతి ఒక్కరికీ గొట్టం చూపించి, "ఇంతే. కరవదు. ఎద్దు నీళ్లు తాగినట్టు మింగప్పా" అనేవారు. మింగలేక కక్కుకుంటే కసురుకునేవారు కాదు. "నేను జల్దీ దూర్చినాను, తప్పు నాదే, మళ్లా చేద్దాం" అనేవారు.

ఈ "నేను" అనడం ఆయనకు ఒక జబ్బు. నేను దాన్ని జబ్బు అనే అనుకునేదాన్ని. ఆస్పత్రుల్లో మాకు ఒక భాష ఉంది. అందులో అన్నీ వాటంతట అవే జరుగుతాయి. బీపీ పడిపోతుంది. రియాక్షన్ వస్తుంది. సూది తప్పుతుంది. కాంప్లికేషన్ అవుతుంది. చేసిన మనిషి ఎక్కడా కనిపించడు. ఈ భాష నేర్చుకోకపోతే ఆస్పత్రిలో బతకడం కష్టం, నేను కూడా త్వరగానే నేర్చుకున్నాను. ఆయన దగ్గర అది సాగేది కాదు.

"సార్, మందుసీసా పగిలిపోయింది" అంటాను నేను.

"పగిలిందా, పగలగొట్టినావా?"

"చెయ్యి జారింది సార్."

"జారిందా, జార్చినావా?"

"పగలగొట్టాను సార్."

"సరే. ఇంగోటి తీసుకో." అంతే. తిట్టు లేదు, మొహం చిట్లించడం లేదు. ఒప్పుకునే దాకా మాత్రం వదిలేవారు కాదు. ఆస్పత్రి మేనేజరు ఒకసారి "రిపోర్టు యాడో పోయింది సార్" అన్నాడు. "పోయిందా, పోగొట్టినావా" అని అడిగితే ఆ మనిషి వారం రోజులు ఆయన గదివైపు రాలేదు. ఎమ్మిగనూరు దారిలో ఒక రోజు కారు టైరు పంచరైంది. డ్రైవరన్న భయపడుతూనే వచ్చి చెప్పాడు. ఆయన దిగి, టైరులో దిగిన మేకును వంగి చూసి, "ఇదైతే అయింది. నీ తప్పు లేదు" అన్నారు. ఆ మాట విని డ్రైవరన్న మొహం వెలిగిపోయింది. మాలో ఎవరికైనా ఆ మాట దొరికితే సాయంత్రం దాకా చెప్పుకునేవాళ్లం.

చిన్న చిన్న వాటికి సరదాగానే ఉండేది గానీ, పని ఒత్తిడిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండేది. క్రియలు సరిచేసుకుంటూ కూర్చోవడానికి ఇదేమన్నా బడా అని లోపల తిట్టుకునేదాన్ని.

మొన్న ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్న ఆ ఆడమనిషి అప్పట్లో కూలికి పోయే మనిషి. తిన్నది ఇమడక, నల్లగా విరేచనాలవుతూ మా ఆదోని ఆస్పత్రికి వచ్చింది. పొట్ట లోపలి గోడకు చిన్న గడ్డ ఉంది. అది ముదిరితే చెడ్డదవుతుంది. పొట్ట కోయకుండా, నోట్లోంచి పంపిన గొట్టంతోనే, వేడెక్కే సన్నని తీగతో ఆ గడ్డను కోసి తీసేయొచ్చు. ఆయనకు ఆ పని వచ్చు, అంతకుముందు చాలామందికి చేశారు. ఆమెతో మొగుడు, తమ్ముడు, అత్త వచ్చారు.

తీగతో కోస్తే గడ్డ ఊడి వచ్చేసింది. అది ఉన్న చోట ఎర్రటి గోడ కనిపించాలి. కనిపించలేదు. ఒక నల్లటి కన్నం, దాని వెనక పసుపుపచ్చగా కొవ్వు. పొట్ట గోడ లోపలి నుంచి బయటి దాకా తెగిపోయింది. టీవీ తెర మీద నేనూ చూశాను. పొట్ట లోపల బాగా కనిపించాలని గొట్టంలోంచి గాలి కొడతాం కదా, ఆ గాలంతా కన్నంలోంచి బయటికి పోయి ఆమె కడుపు బిగుసుకుపోయి పైకి లేచింది. ఊపిరి ఆడటం కష్టమైంది. ఆయన నీళ్లు నింపిన సిరంజికి సూది పెట్టి బొడ్డు పక్కన గుచ్చారు. సిరంజిలో బుడగలు గలగలా లేచాయి. కడుపు మెల్లగా దిగింది.

"క్లిప్పు" అన్నారు తర్వాత.

పేగుల మీద కప్పుకుని ఉండే కొవ్వు పొరను గొట్టంతో కొంచెం లోపలికి పీల్చి, ఆ కన్నంలో బిరడాలా ఇరికించి, దాన్ని అంచులతో కలిపి క్లిప్పులు పెట్టుకుంటూ పోవాలి. గొట్టం ఆయన చేతిలో, క్లిప్పు పిడి నా చేతిలో. "తెరువు" అంటే తెరవాలి. "మూయి" అంటే మూయాలి. "వదులు" అంటే వదలాలి. మొదటిది జారిపోయింది. మూడు మాటలే, మళ్లీ మళ్లీ. ఆయన మెడ మీద చెమట కాలర్‌లోకి దిగుతోంది. చివరికి కన్నం మూసుకుంది. గాలి కొడితే ఈసారి పొట్ట ఉబ్బి అలాగే నిలిచింది. నేను ఏడ్చాను, భయం తీరినందుకు.

ఇది ఎవరి చేతిలోనైనా జరిగేదే. ఈ పనిలో ఉన్న అపాయం ఇది, ముందే చెప్పి చేస్తాం. ఇక మిగిలింది ఒక్కటే. ఆ అతుకు మానేదాకా కొన్ని రోజులు పొట్టలోకి ఏదీ పోకూడదు. మెతుకు కాదు, నీటి చుక్క కూడా. ముక్కులో గొట్టం పెట్టి లోపల ఊరేదంతా లాగేస్తూ ఉండాలి. ఒక చెంబుడు నీళ్లు తాగిందంటే ఆ క్లిప్పులు ఆగవు. లోపలంతా చీము పట్టి మనిషి పోతుంది.

మేము లోపల ఉండగా ఊడ్చే ఆయమ్మ బయటికి పోయింది. ఏమైందమ్మా అని అత్త అడిగితే, విన్నది విన్నట్టు చెప్పింది. "కడుపులోకి గాలి పోయినాదంట. సారు గాలి తీస్తాండాడు."

మా దిక్కు గాలి తీయడమంటే పట్టిన దయ్యాన్ని వదిలించడం. నేను బయటికి వచ్చేసరికి ఆ ముసలి అత్త లేచి నిలబడి ఉంది. పొద్దున్నుంచి గడ్డ, గడ్డ అని బిక్కచచ్చిన మొహం ఇప్పుడు తేటపడింది.

"నేను సెప్తానే ఉంటి గదా సిస్టరమ్మా. ఆ పొద్దు అమాసనాడు పొద్దుగూకినంక సేనుకాడ్నించి ఒక్కతే వచ్చినాది. గాలి సోకినాదని నేనంటే ఎవురూ ఇనలేదు. మీ సారే ఇప్పుడు గాలి అని సెప్పినాడు. మా ఊరికాడ గాలి తీసే ఆయప్ప ఉండాడు. యాపమండ కొట్టి సెంబుడు మంత్రించిన నీళ్లు తాపితే దిగిపోతాది." కొడుకు వైపు తిరిగి, "ఆటో మాట్లాడుపో" అంది.

"నీళ్లు తాపకూడదు అవ్వా. చుక్క కూడా" అన్నాను.

"మామూలు నీళ్లు గాదులే అమ్మా. మంత్రించిన నీళ్లు."

ఈలోగా మేనేజరుకు సంగతి తెలిసింది. డాక్టరుగారు బయటికి రాగానే పక్కకు పిలిచి, నాకు వినిపించేటంత గొంతుతోనే చెప్పాడు. "సార్, వాళ్లంతకు వాళ్లే గాలి అంటాండారు. తీసుకపోతామంటాండారు. మనం వద్దన్నా పోయినారని రాసుకుంటాం. మీరేం సెప్పొద్దు. సెప్పల్లంటే చిల్లు పడింది అనండి, ఐపోయె. ఆ తమ్ముడు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు, గేటు బయట వాని దోస్తులుండారు. ఆస్పత్రి అద్దాలు మిగలవు."

ఆయన నేరుగా ముసలామె దగ్గరికి పోయి, గోడకు వీపు ఆనించి అలాగే జారి నేల మీద కూర్చున్నారు. నిలబడే ఓపిక లేకనేనేమో. ఆమె కూడా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అవ్వా, గాలి కాదు."

"మీవాళ్లే సెప్పిరి గదా సారూ."

"అది ఉత్త గాలి. సైకిలు ట్యూబులో కొడతారు సూడు, ఆ గాలి. పొట్ట ఉబ్బల్లని నేనే కొట్టినాను. పొట్టకు చిల్లు ఉండాది కాబట్టి బయటికి పోయినాది."

"సిల్లు పడినాదా?"

"పడలేదు. నేను పెట్టినాను."

మేనేజరు మెల్లగా వెనక్కి జరిగాడు. తమ్ముడు వచ్చి ఆయన చొక్కా పట్టుకుని లేపాడు. "ఏం సెప్తాండావు నువ్వు? ఏం జేసినావు మా అక్కను?"

"గడ్డ కోసేటప్పుడు తీగె లోతుకు పోయినాది" అన్నారు ఆయన. తనే దిద్దుకున్నారు. "పోలేదు. పోనిచ్చినాను. మళ్లా నేనే మూసినాను. పట్టుకోనుంటాదనే అనుకుంటాండాను. నన్ను కొట్టేదుంటే కొట్టప్పా. ఆయమ్మకు మాత్రం నీళ్లు తాపొద్దు. తాపితే సచ్చిపోతాది."

అతను ఒక దెబ్బ వేశాడు. కళ్లద్దాలు నా కాళ్ల దగ్గర పడ్డాయి. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు కోపం వచ్చింది కొట్టినవాడి మీద కాదు, ఈయన మీద. ఒక్క మాట మార్చి ఉంటే సరిపోయేది కదా అనిపించింది.

రెండో దెబ్బ పడకుండా ముసలామె ఆపింది. "వదులప్పా. వదులు. మనం గాలి అంటే సరే అని ఊరుకోనుంటే ఈయప్పకు ఏం తక్కువయ్యేది? మనమే ఇస్తాంటిమి గదా ఆ మాట. వద్దని, నేనే సిల్లు పెట్టినానంటాండాడు. అబద్ధమాడేవాడు గాదు." తర్వాత ఆయన వైపు తిరిగి, "ఎంత సిల్లు?" అంది.

ఆయన చిటికెన వేలి కొస చూపించారు.

"ఎట్ల మూసినావు?"

కిటికీ చువ్వల మీద తువ్వాలు ఆరేసి, గాలికి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి ఉంది. ఆయన దాన్ని తీసి, ఆమె చీర కొంగు అడిగి, రెండు అంచులు దగ్గరికి లాగి, మధ్యలో తన రుమాలు మూల కొంచెం దూర్చి క్లిప్పు పెట్టారు. "ఇట్ల. ఈ రుమాలు ఉండాది సూడు, అది ఆయమ్మ కడుపులోని కొవ్వే."

ముసలామె కొంగును అటూ ఇటూ లాగి చూసింది. "ఊడదా?"

"మానినంక ఊడితే ఏం గాదు, దొడ్డికి పోయేటప్పుడు పోతాది. ఇప్పుడే ఊడితే కష్టం."

"అయితే ఊడనీను" అంది ఆమె.

ఆ తర్వాత రోజుల్లో ఆమె వార్డు గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. చూడటానికి వచ్చిన చుట్టాల చేతుల్లో టెంకాయ నీళ్లుంటే గుమ్మంలోనే లాక్కుంది. మంచం పక్కన తన నీళ్ల బాటిలు పెట్టిన నర్సును కూడా తిట్టింది, ఆ నర్సు నేనే. కోడలు పెదాలు ఎండి "ఒక్క గుక్క అత్తా" అని ఏడిస్తే, తడిగుడ్డ అద్ది మొహం పక్కకు తిప్పుకునేది. ఆయన ఇంటికి పోలేదు. మంచం పక్కన స్టూలు మీద గోడకు తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్ర. తనకు దాహమైతే మంచం మీది మనిషికి కనపడకుండా బయటికి పోయి తాగి వచ్చేవారు. జ్వరం వచ్చిందా, కడుపు గట్టిపడిందా అని లేచినప్పుడల్లా చెయ్యి పెట్టి చూసేవారు. జ్వరం రాలేదు. చివరికి పొట్టలోకి రంగు మందు పంపి ఫిల్ము తీశాం. ఎక్కడా కారలేదు.

ఆ రోజు స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఆయన ముసలామె చేతికిచ్చారు. "ఒక్క గుక్క. నువ్వే తాపు." ఆమె తాపింది. ఆ గుక్క గొంతులోంచి దిగడాన్ని మేమంతా చూస్తూ నిలబడ్డాం. తమ్ముడు కూడా చూశాడు. తర్వాత అతను ఆయన దగ్గరికి వచ్చి, వంగిపోయిన కళ్లద్దాల ఫ్రేము వైపు చూపించి, "ఇరిగిపోయినాదా సారూ" అన్నాడు. ఆయన కొంచెం నవ్వారు. అప్పుడు మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. "ఏం గాదులే అప్పా" అన్నారు.

మనిషి బతికింది. మాట మాత్రం రెండు ఊళ్లలోనూ పాకింది. ఆదోనిలో ఒక డాక్టరు చిల్లు పెట్టినాడంట, వాని నోటితో వాడే సెప్పినాడంట. మూసిన సంగతి ఎవరూ చెప్పుకోలేదు. ఎమ్మిగనూరులో పరగడుపున కాచుకునేవాళ్లు తగ్గిపోయారు. కొందరు మంగళవారం కాకుండా వేరే రోజు వేరే డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు. కొందరు బళ్లారికి పోయేవాళ్లు. మేము పెట్టె విప్పి, గొట్టం కడిగి, ఎవరూ రాకపోతే మళ్లీ బొంత చుట్టి తిరిగొచ్చేవాళ్లం.

ఒకసారి అలా ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. "పడింది అని ఉంటే ఏమయ్యేది సార్? నీళ్లు తాపొద్దని ఇంకో రకంగా చెప్పకూడదా?"

ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. "నువ్వు సెప్పినావు గదా సిస్టర్. ఇన్నారా?"

నిజమే, వినలేదు. కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నారు. "పడింది అనుకుంటే ఇంగోసారి గూడా పడతాది. పెట్టినాననుకుంటే, ఇంగోసారి పెట్టకుండా సూసుకుంటాను." ఇంకేమన్నా చెబుతారేమో అనుకున్నాను. నిద్రపోయారు.

పోయినేడు ఎండాకాలంలో ఆయన పోయారు. ఆ రోజు నాకు సెలవు. డ్రైవరన్న ఎమ్మిగనూరు ఆస్పత్రి ముందు కారు ఆపి, సారు ఎప్పటిలాగే నిద్రలో ఉన్నారని లేపకుండా, నీడలోకి తీసి, ఏసీ వేసి కూర్చున్నాడు. లోపలి నుంచి పిలుపు వచ్చాక భుజం మీద చెయ్యి వేశాడు. గుండె ఆగి చాలాసేపయిందన్నారు. అంత్యక్రియల రోజు ఆ మనిషి నా పక్కన నిలబడి ఒకటే మాట. "నేను లేపలేదు సిస్టరమ్మా. లేపింటే బతికుండేవాడేమో. నేను లేపలేదు."

"ఇదైతే అయింది అన్నా. నీ తప్పు లేదు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అధికారం ఉందో లేదో తెలియదు. చెప్పాల్సిన ఆయన ఎదురుగా పూలదండల కింద ఉన్నారు.

మొన్న ఆ ఫిల్మును కొత్త డాక్టరుకు చూపించాను. చిన్నవాడు, మంచివాడే. ఇవి మామూలుగా కొన్ని వారాలకే ఊడిపోతాయి, ఇదెందుకో ఉండిపోయింది, దీనివల్ల హాని లేదు, కావాలంటే గొట్టం వేసి తీసేయొచ్చు అన్నాడు. ఆ మాట చెప్పడానికి బెంచీ దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. ఒళ్లు చేసింది. జుట్టు నెరిసింది. అత్త ఎలా ఉందని అడిగాను.

"ఉండాది సిస్టరమ్మా. ఊర్లో ఎవురన్నా కడుపునొప్పి అంటే సాలు, గాలా, సిల్లా, ముందు అది తెలుసుకోండి అంటాది." ఇద్దరం నవ్వాం.

ఫిల్ము వెలుతురుకు పెట్టి క్లిప్పు చూపించి, డాక్టరు చెప్పింది చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. "ఇంగా పట్టుకోనుండాదా" అంది. తర్వాత, "తీసేదైతే కొత్త సారు వద్దులే అమ్మా. పెట్టినాయప్పే తీస్తాడు. ఈ పొద్దు మంగళారం గదా, ఎమ్మిగనూరుకు పోయినాడా సారు?"

"పోయారమ్మా" అన్నాను.

"ఎప్పుడొస్తాడు మల్ల?"

పోయారు అన్న మాట నా నోట్లోంచి అలా జారింది. జారలేదు, జార్చాను. ఆయన వెనక నిలబడి, అలసిపోయిన గొంతుతో "పోయినానా, చచ్చిపోయినానా సిస్టర్?" అని అడుగుతున్నట్టే ఉంది.

"చనిపోయారమ్మా" అన్నాను. "పోయినేడు. కారులో, నిద్రలో."

ఆమె ఏడవలేదు. "ఎప్పుడూ నిద్రే పాపం ఆయప్పకు. నేను నీళ్లు నీళ్లు అంటాంటే స్టూలు మీద ఒరిగిపోయేటోడు" అంది. ఫిల్మును కవరులో పెట్టి నాకిచ్చింది. ఎడమపక్క డొక్క కింద అరచెయ్యి పెట్టుకుంది. నొప్పిగా ఉందా అని అడిగాను. లేదని తల ఊపింది.

"ఇంగ దాన్ని తియ్యొద్దు సిస్టరమ్మా" అంది. "ఉండనీ."